పరదా దించిన పల్లకీ

డిగ్రీ కాలేజీల్లో తెలుగు చెప్పడానికి కొత్తగా చేరినవాళ్ళు ఈమధ్య కొందరు మా ఇంటికి వచ్చారు. కాఫీ తాగి, కాసేపు నసిగి, అందరూ ఒకే మాట అడిగారు. "మాస్టారూ, ఆ నాటకం మీరు ఎలా చెప్పేవారు?" వాళ్ళకి కావలసింది నోట్సు. అవి నా దగ్గర లేవు. ఈ ఉద్యోగం గురించి నా దగ్గర మిగిలింది కొంత చేదు మాత్రమే. దాన్నే రాసి పెడుతున్నాను, పనికొస్తే ఉంచుకోండి.

నాటకం పేరు ఇక్కడ రాయను. రాస్తే మీరు ముందుగా చేసే పని బజారుకెళ్ళి గైడు కొనుక్కోవడం. కథ మాత్రం చెబుతాను. ఒక దొర కూతురు, ఆ కోట కింద ఏటిలో పడవ నడిపే కుర్రవాడు ఒకరినొకరు ఇష్టపడతారు. తండ్రి మండిపడి పిల్లను గదిలో పెడతాడు. ఆమె అన్నం మానేస్తుంది. చివరికి ఆయన మెత్తబడి, కుర్రవాణ్ణి అల్లుడిగా తీసుకురమ్మని పూలు కట్టిన పల్లకీని రేవుకి పంపుతాడు. అవతలి ఒడ్డు నుంచి కుర్రవాడు దాన్ని చూస్తాడు. ముందు సన్నాయి, వెనక పల్లకీ. పిల్లను ఇంకెవరికో ఇచ్చి పంపించేస్తున్నారు అనుకుంటాడు. పడవ ఏటి మధ్యకి తీసుకెళ్ళి నీళ్ళలోకి దిగిపోతాడు. ఇవతల బోయీలు పల్లకీ దించి అతని కోసమే కేకలు వేస్తూ ఉంటారు. అది ఖాళీ పల్లకీ అని చూసేవాళ్ళకి ముందు నుంచీ తెలుసు.

నా ఉద్యోగమంతా ఈ పల్లకీని మోయడమే. ప్రమోషన్లు, పీఆర్సీలు, సర్వీసు రిజిస్టర్లు అందరికీ ఉండేవే. వాటి గురించి మీకు చెప్పేవాళ్ళు చాలామంది దొరుకుతారు.

నిర్వచనం చెప్పి పాడుచేసిన క్లాసు

మొదట చేరింది శ్రీకాకుళం అవతల ఒక చిన్న ప్రైవేటు కాలేజీలో. అందరూ వరి పండించే ఇళ్ళ పిల్లలు. ఊడ్పులప్పుడు సగం బెంచీలు ఖాళీ. నేను అప్పుడే ఎమ్మే పట్టా పట్టుకుని దిగినవాణ్ణి. బోర్డు మీద "నాటకీయ వ్యంగ్యము అనగా" అని రాసి, పాత్రకు తెలియని సంగతి ప్రేక్షకునికి తెలిసి ఉండుట అని చదివించాను. పక్కన బ్రాకెట్లో ఐరనీ అని కూడా రాశాను. చాలా గొప్పగా ఉందనుకున్నాను.

వెనక బెంచీ నుంచి అప్పన్న అనే కుర్రవాడు లేచాడు. "వ్యంగ్యమంటే ఎటకారం కాదేటండి? మరిక్కడ ఎవులు ఎవుల్ని ఎటకారం సేస్తన్నారు?" అన్నాడు.

క్లాసు నవ్వింది. నేను నిర్వచనం ఇంకోసారి చదివి కూర్చోమన్నాను.

అప్పటి ప్రిన్సిపాల్ మంచి మనిషి. ఆ మాట ఈ వ్యాసంలో ఇంకెవరి గురించీ రాయను కాబట్టి ఇక్కడే రాస్తున్నాను. ఆ ఏడాది శ్రీముఖలింగం జాతరకి మా పిల్లల చేత ఆ నాటకం ఆడించాడు. వంశధార ఇసుకలో పందిరి వేశాం. ఇంకా పొద్దు ఉంది. జనం గోనెలు పరుచుకుని కూర్చున్నారు. పడవవాడి వేషం అప్పన్నదే. చివరి రంగంలో వాడు పల్లకీని చూసి గుండెలు బాదుకోవడం మొదలుపెట్టగానే ముందు వరసలో ఒక ముసలమ్మ లేచి నిలబడింది.

"ఒరే ఎర్రిబాగులోడా! ఖాళీదిరా అది! నీకోసమే వస్తన్నాదిరా! ఆగరా!"

ఆవిడ వెనక ఇంకో పది గొంతులు లేచాయి. "ఒరే, దిగకురా!" "పల్లకీ కాడికెల్లి సూడరా నాయనా!" అప్పన్న ఒక్క క్షణం జనం వైపు చూశాడు. వాడి కళ్ళలో నిజంగానే నీళ్ళు తిరిగాయి. అయినా దిగాలి కాబట్టి దిగిపోయాడు. ముసలమ్మ కూలబడి, సొంత మనవడు పోయినట్టు ఏడ్చింది.

తిరిగి వస్తుంటే ప్రిన్సిపాల్ అన్నాడు: "రేపట్నుంచి క్లాసులో ఆ నిర్వచనం వొగ్గీయండి మాస్టారూ. మనకి తెలుసు, ఆడికి తెల్దు, సెప్దామంటే యినపడదు. ఆ కడుపుమంటే పాఠం."

మర్నాడు క్లాసులో అప్పన్నని లేపి, "ఎటకారం ఎవరిదిరా?" అని అడిగాను. "ఎవులిదీ కాదండి. కానీ ఎవులో సేసినట్టే ఉన్నాది" అన్నాడు. అంతకంటే బాగా నేను ఏ పుస్తకంలోనూ చదవలేదు.

కిరాణా చీటీలు

తర్వాత విజయనగరంలో కాస్త పెద్ద కాలేజీకి వచ్చాను. ఇక్కడ పిల్లలు చురుకు. గైడు లేకుండా క్లాసుకి రారు. పదచిత్రాల గురించి అడిగితే గడగడా అప్పజెప్పేవారు. నది అంటే జీవితం, పడవ అంటే ఆశ, పల్లకీ అంటే పెళ్ళి, పూలు అంటే సుఖం. కొట్టుకెళ్ళి కందిపప్పు కిలో, చింతపండు పావు అని చదివినట్టు ఉండేది.

మీకు నేను ఇవ్వగలిగిన పనిముట్టు ఒకటే ఉంది. ఏ వస్తువు దేనికి గుర్తు అని అడగకండి. ఒక్క వస్తువుని పట్టుకుని మొదటి రంగం నుంచి చివరిదాకా దాని వెంట నడవండి. ఈ నాటకంలో పల్లకీ వెంట నడవండి. మొదటి రంగంలో చిన్నపిల్లగా దొర కూతురు అందులో ఎక్కి ఆడుకుంటుంది, పరదాలు పైకి విసిరేసి ఉంటాయి. రెండో అంకంలో ఆ పరదాలు ఉతికి కోట గోడ మీద ఆరేస్తారు, పడవవాడు ఏట్లోంచి ఆ రంగు చూసి ఆమె ఇల్లు గుర్తుపడతాడు. ఆఖర్న అదే రంగు రేవులోకి వస్తుంది. ఇది చెబితే నిద్రపోయేవాడు కూడా తల ఎత్తేవాడు.

ఇంతవరకు నేను సొంతంగా పట్టుకున్నాను. దీని తర్వాతిది నాకు పార్వతి చెప్పింది.

పార్వతి అడిగింది

పార్వతి వాళ్ళకి మార్కెట్లో పప్పుల కొట్టు. కాలేజీ అవగానే వెళ్ళి తండ్రి పక్కన కూర్చుని తూకం వేసేది. క్లాసులో తక్కువ మాట్లాడేది, మాట్లాడితే సూటిగా ఉండేది.

చివరి రంగం చదువుతున్నాం. "పరదాలు దించిన పల్లకీ ప్రవేశించును" అని ఉంటుంది. ఎన్నో ఏళ్ళుగా నేను ఆ ముక్క చదివి దాటిపోతున్నాను. పార్వతి చెయ్యెత్తింది.

"ఖాళీ పల్లకీకి పరదా ఎందుకు దించీసినట్టు మాస్టారూ? లోపల ఎవులూ లేరు కదా?"

నేను ఏదో అలంకారం అన్నాను. ఆమె కూర్చోలేదు.

"మా బాబాయి వేరే కులం అమ్మాయిని సేసుకుని శ్రీకూర్మంలో ఉంతన్నారు. నాన్న సూడ్డానికి ఎల్తారు. ఇంట్లో మాత్రం దర్శనానికని సెప్తారు. శ్రీకాకుళంలో బస్సు దిగీసి ఆటో కట్టించుకుంటారు. ఊరు దగ్గరికొచ్చీసరికి ఎండా ఉండదు, వానా ఉండదు, రెండు పక్కలా పరదా దించీమంటారు. తెలిసినోలు సూస్తారని. దొర కూడా అంతే మాస్టారూ. పడవోడ్ని అల్లుడు సేసుకోడానికి ఒప్పుకున్నాడు గానీ ఊరు సూడ్డానికి ఒప్పుకోలేదు. పరదా ఎత్తుంటే ఖాళీ అని ఆ గుంటడికి కనపడీది. బతికీవోడు."

అప్పటిదాకా ఆ చావుని నేను కూడా విధి మీదకి తోసేసి పాఠం ముగించేవాణ్ణి. చంపింది విధి కాదు, పరువు. ప్రేమించి కూడా, మెత్తబడి కూడా, నలుగురికీ కనపడటానికి సిగ్గుపడిన ఒక తండ్రి ఆ పరదా దించాడు. ఆ రోజు నేను ఇంటికి నడిచి వెళ్ళాను. నా తర్వాత ఈ నాటకాన్ని ఎవరు చెబుతారో తెలిసిపోయినంత సంతోషం కలిగింది.

కీలో లేదండి

ఆ ఏడాది పరీక్షలో అదే ప్రశ్న పడింది: నాటకంలోని విషాదానికి కారణమేమి? స్పాట్ వాల్యుయేషన్‌లో నా పక్క బల్లాయన ఒక పేపరు చూసి నవ్వుతూ అన్నాడు: "ఇదేటండీ బాబూ! పరదా, పరదా అని రెండు పేజీలు రాసీసేరు. విధి అన్న మాట ఒక్కటి లేదు."

పేపరు మీద పేరుండదు. అక్కర్లేదు కూడా. నేను లేచి క్యాంపు పెద్ద దగ్గరికి వెళ్ళి, ఆ జవాబు ఒక్కసారి చదవమన్నాను. ఆయన చదవలేదు. జవాబుల కీ తీసి చూపించాడు. విధి వంచన, విధి బలీయము, మానవుడు నిమిత్తమాత్రుడు. ఒక్కో ముక్కకి ఇన్ని మార్కులని.

"పరదా కీలో లేదండి" అన్నాడు.

"కీ తప్పు సార్."

"తప్పయితే అందరికీ ఒకేలాగ తప్పు. ఒక్కలికి ఒప్పు సేస్తే రేపు నన్నడుగుతారు. మీరెల్లి కూకోండి."

ఒక చేదు నిజం చెబుతాను, గుర్తుంచుకోండి. పిల్లల చేత విధి అని రాయించినప్పుడల్లా ఒక పెద్దమనిషి తప్పించుకుంటాడు. కీలు తయారుచేసేవాళ్ళకి ఆ పెద్దమనిషి అంటే చాలా గౌరవం. అందుకే అవి అలా ఉంటాయి.

పార్వతికి తెలుగులోనే మార్కులు తగ్గాయి. యూనివర్సిటీలో ఎమ్మే సీటు రాలేదు. కొట్లో కూర్చునే దూరవిద్యలో చదివింది.

వరండాలో విన్నది

కొన్నేళ్ళకి మా కాలేజీలో గెస్ట్ లెక్చరర్ కావలసి వచ్చింది. పార్వతిని తీసుకోమని నేనే పట్టుబట్టాను. పీరియడ్‌కి ఇంత అని ఇచ్చే ఉద్యోగం. సెలవులకి జీతం ఉండదు, ప్రతి ఏడూ మళ్ళీ అడుక్కోవాలి. అయినా వచ్చింది. అప్పటికి మాకు కామర్సు నుంచి వచ్చిన ఒక ప్రిన్సిపాల్ ఉన్నాడు. "తెలుక్కి పాఠం ఎందుకండీ, మెటీరియల్ ఇచ్చీండి, సాలు" అన్నది ఆయన విద్యావిధానం.

నాటకం చివరి రంగం పార్వతికి ఇచ్చాను. అది నాకు ప్రాణమని ఆమెకి తెలుసు. ఆ రోజు వరండాలో వెళుతూ ఆమె గది దగ్గర ఆగాను.

"రాసుకోండి. విషాదానికి కారణం విధి. విధి బలీయము. మానవుడు నిమిత్తమాత్రుడు." పార్వతి గొంతు. పెన్నులు పరుగెత్తుతున్న చప్పుడు.

స్టాఫ్ రూమ్‌లో అడిగాను, నువ్వేనా ఇలా చెప్పేది అని.

"పరదా రాసి నాకేటొచ్చింది మాస్టారూ?" అంది. గొంతు పెంచలేదు. "ఈల్లకి మార్కులు కావాల. ఒక్కలు ఫెయిలైనా ప్రిన్సిపాల్ గారు రేపు నన్ను రావద్దంతారు."

ఆమె ఇంకా ఏదో చెప్పబోయింది. నేను పుస్తకాలు తీసుకుని లేచిపోయాను. ఆ రోజు నుంచి ఆమెతో అవసరానికి మించి మాట్లాడలేదు. ఎదురొస్తే తల ఊపేవాణ్ణి. టైమ్‌టేబుల్ కాగితం అటెండర్ చేత పంపేవాణ్ణి. ఏళ్ళు అలాగే గడిచిపోయాయి. నా పాఠాన్ని అమ్మేసుకుందని నా కోపం. ఆ కోపాన్ని నేను చాలా జాగ్రత్తగా చూసుకున్నాను.

ఆఖరి రోజు

మా వైపు మాస్టారు రిటైరైతే ఒక పద్ధతి ఉంది. మీటింగ్ అయ్యాక పిల్లలు ఆయన్ని పూలు కట్టిన జీపులో ఎక్కించి, ముందు తప్పెటగుళ్ళు ఆడిస్తూ ఊరేగింపుగా ఇంటిదాకా దింపుతారు. కొందరు ఇష్టంగా ఎక్కుతారు, కొందరు సిగ్గుపడుతూ ఎక్కుతారు. ఎక్కని మాస్టారుని నేను చూడలేదు.

నాకు మీటింగ్ జరిగింది. ప్రిన్సిపాల్ శాలువా కప్పి, నా ఇంటిపేరు తప్పు పలికి, తెలుగు భాష తేనె అన్నాడు. ఆ తేనె పోస్టుని ఇక నింపబోవడం లేదని కూడా చెప్పాడు. ఆ ఏటి నుంచి తెలుగు విభాగం ఎత్తేసి, కోచింగు సంస్థ ఒకటి మా కాలేజీతో కలుస్తోంది. వాళ్ళ డీన్ అదే రోజు వస్తున్నాడు. అందుకని నా మీటింగ్ తొందరగా ముగించారు.

మెట్లు దిగుతుంటే ముందు గేటు దగ్గర జీపు కనపడింది. బంతిపూల దండలు, అరటి పిలకలు, తప్పెటగుళ్ళవాళ్ళు గజ్జెలు కట్టుకుని సిద్ధంగా ఉన్నారు. జీపు ముందు ఒక ఫ్లెక్సీ, చుట్టి తాడుతో కట్టేసి ఉంది. మధ్యలో నిలబడి పిల్లలకి పురమాయిస్తున్నది పార్వతి.

డీన్‌కి స్వాగతం అనుకున్నాను. ఈ అమ్మాయి ఇంతదాకా దిగజారిందా అనుకున్నాను. నాకు ఒక మాట చెప్పడానికి రాలేదు గానీ కొత్త యజమానికి పూలు కడుతోంది. ఆ జీపు పక్క నుంచి శాలువా కప్పుకుని నడిచి వెళ్ళడం నా వల్ల కాలేదు. వెనక్కి తిరిగి సైకిల్ స్టాండు పక్క గేటులోంచి బయటికి వచ్చి ఆటో ఎక్కాను.

"పరదా దించు బాబూ" అన్నాను.

"ఎండ లేదు కదేటి మాస్టారూ?" అన్నాడు ఆటోవాడు.

"దించమన్నాను కదా."

ఆ దారి ముందు గేటు మీదుగానే వెళ్ళాలి. రెగ్జిన్ పరదా వెనక కూర్చున్నాను. తప్పెట్ల మోత దగ్గరికి వచ్చి, పక్కనుంచి జరిగి, వెనకబడిపోయింది.

ఇంటికి వెళితే మా ఆవిడ గుమ్మంలో ఎర్రనీళ్ళ పళ్ళెం పట్టుకుని నిలబడి ఉంది. వీధిలోకి అటూ ఇటూ చూసింది. "ఒక్కలే వచ్చీసేరేటి? జీపేదీ?" అంది. నేను లోపలికి వెళ్ళి పడుకున్నాను.

పొద్దువాలే వేళకి పార్వతి వచ్చింది. చేతిలో గులాబీల దండ, రేకులు సగం రాలిపోయి ఉన్నాయి. కూర్చోమంటే కూర్చోలేదు.

"ఎక్కడికెల్లిపోనారు మాస్టారూ? మద్దేన్నం నుంచి ఆ గేటు కాడే ఉన్నాం. తప్పెటగుల్లోలు ఎల్లిపోనారు. జీపు ఖాళీగా తిప్పి పంపించీసేం."

నాకు మొదట అర్థం కాలేదు. అర్థమయ్యాక, "ఆ ఫ్లెక్సీ ఎందుకు చుట్టేశారు?" అన్నాను.

"మీ ఫొటో ఉన్నాది దానిమీద. డీన్ గారు వచ్చే రోజు గేటు కాడ ఇంకోలది కట్టొద్దని ప్రిన్సిపాల్ గారు కేకలేసీరు. మీరు ఎక్కీక వీధిలోకెల్లి ఇప్పుదామనుకున్నాం."

"నాకు ముందే చెప్పొచ్చు కదమ్మా."

"ఎలాగ సెప్తాను? మీరు నాతో మాటాడతారేటి?"

మా ఆవిడ వంటింటి గుమ్మంలో నిలబడి వింటోంది. పార్వతి దండని ఈ చేతిలోంచి ఆ చేతిలోకి మార్చుకుంది.

"ఆ రోజు స్టాఫ్ రూమ్‌లో మీరు ఇనకుండా ఎల్లిపోనారు. ముందు నోట్సు సెప్పీదాన్ని. అది పరీక్షకి. తరవాత పుస్తకాలు మూసీమని సెప్పి, మా నాన్న ఆటో దగ్గర్నుంచి మొదలెట్టి పరదా సంగతి సెప్పీదాన్ని. ఏ ఏడూ మానలేదు. మీరు వరండాలో ఆగింది నోట్సు వరకే మాస్టారూ." మళ్ళీ అంది: "జీపు ఎనక్కి తిప్పుతుంటే మా సెకండియర్ పిల్లలు ఏటన్నారో తెలుసా? 'ఖాళీ పల్లకీ మేడమ్' అన్నారు. ఒక్కలూ నవ్వలేదు."

సారీ అనే మాట ఆ పిల్ల ముందు చాలా చిన్నగా కనపడింది. జీవితమంతా ఆ పడవవాణ్ణి చూసి, ఒక్కసారి దగ్గరికెళ్ళి చూడు నాయనా అని గుండె బాదుకున్నవాణ్ణి నేను. నా పల్లకీ నా కాలేజీ గేటు ముందు నిలబడితే దగ్గరికెళ్ళి చూడలేదు. పైగా పరదా దించమన్నది కూడా నేనే. ఆ ఫ్లెక్సీ చుట్టించిన ప్రిన్సిపాల్‌ని మాత్రం ఇప్పటికీ క్షమించలేదు. నన్నూ క్షమించుకోలేదు.

"రేపు కాలేజీకి వచ్చి ఆ పిల్లలతో మాట్లాడతాను" అన్నాను.

"రేపు నాను ఉండను మాస్టారూ. విభాగం ఎత్తీసేక గెస్టులెందుకు? నాకూ ఇయ్యాలే ఆఖరు. మనిద్దరం ఒకే జీపులో దిగుదామనుకున్నాను." దండకి అంటిన దుమ్ము దులిపింది. "రేపట్నుంచి కొట్లోకెల్లిపోతాను."

దండ నా చేతిలో పెట్టబోయింది. "నీ దగ్గరే ఉంచుకో తల్లీ" అన్నాను. అది వినయం కాదు, తీసుకునే ముఖం లేక.

వీధి చివరిదాకా ఆమెతో నడిచాను. ఆటో ఒకటి ఆగింది. దుమ్ము రేగుతోందని ఆటోవాడు పక్క పరదా ముడి విప్పబోయాడు.

"వద్దన్నా, ఎత్తీసే ఉంచు" అంది పార్వతి.

రేకులు రాలిన దండ ఒళ్ళో పెట్టుకుని, వీధి అంతటికీ కనపడేలా కూర్చుని వెళ్ళిపోయింది.